నేల మారితే క్లచ్, గాలి మారితే జెట్: జహీరాబాద్ ఎర్ర, నల్ల నేలల్లో పెట్రోల్ కలుపు యంత్రాల సర్దుబాటు

సంగారెడ్డి జిల్లా పశ్చిమ భాగంలో, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న జహీరాబాద్ ప్రాంతంలో రెండు భిన్నమైన నేలలు పక్కపక్కనే కనిపిస్తాయి. జహీరాబాద్, కోహీర్ పరిసరాలలో లాటరైటు స్వభావం గల ఎర్ర నేలలు ఉండగా, న్యాల్కల్, రాయికోడ్, ఝరాసంగం వైపు నల్లరేగడి విస్తరించి ఉంది. ఎర్ర నేలల్లో ఆలుగడ్డ, అల్లం, కంది. నల్ల నేలల్లో పత్తి, సోయా, శనగ, యాసంగి జొన్న. నీటి వసతి ఉన్నచోట చెరకు. ఈ పంటలలో అంతరకృషికి గుంటక, దంతెలతో పాటు ఇటీవలి సంవత్సరాలలో 5 నుండి 7 అశ్వశక్తి పెట్రోల్ పవర్ వీడర్లు వాడుకలోకి వచ్చాయి. ఒకే యంత్రం కిరాయిపై ఒక ఊరి ఎర్ర చెల్కలోనూ, పక్క ఊరి రేగడిలోనూ పనిచేయవలసి వస్తోంది.

సమస్య ఇక్కడే మొదలవుతుంది. ఎర్ర నేలలో నిరాటంకంగా నడిచిన యంత్రం నల్ల నేలలో దిగగానే గుక్కపట్టినట్లు ఆగిపోతుంది. "ఇంజనులో బలం లేదు" అన్న ఫిర్యాదుతో అది మెకానిక్ వద్దకు చేరుతుంది. అక్కడ సాధారణంగా మొదట తిరిగేది కార్బురేటర్ మర. తరువాత తీగతో జెట్ రంధ్రాన్ని "శుభ్రం" చేస్తారు. యంత్రం తిరిగి వచ్చాక నల్ల నేలలో పని మెరుగుపడదు, ఎర్ర నేలలో సైతం పొగ కక్కుతుంది. నేల వలన కలిగిన ఇబ్బందిని గాలి, ఇంధనాలను సర్దే భాగంలో వెదకడమే ఇందుకు కారణం.

ఈ పొరపాటుకు పంట చెల్లించే మూల్యం చిన్నది కాదు. కందిలో విత్తిన మొదటి 60 రోజులు, సోయాలో సుమారు 20 నుండి 45 రోజుల మధ్య కాలం కలుపు పోటీకి కీలకమైనవి. వానాకాలంలో ఈ వ్యవధిలో రేగడి నేల అంతరకృషికి అనువుగా ఆరి ఉండే దినాలు వేళ్ళపై లెక్కించదగినవి. ఆ రెండు మూడు రోజులు యంత్రం మరమ్మతు దుకాణంలో ఉంటే కూలీలు దొరికినంత మేర మాత్రమే కలుపు తీయడం సాధ్యమవుతుంది. మిగిలిన భాగాన్ని కలుపుకు వదలవలసినదే.

ఏటీవీల నుండి గ్రహించదగినది

కొండలు, బురద, ఇసుక మీద నడిచే నాలుగు చక్రాల ఏటీవీ వాహనాలను నడిపేవారు ఈ విషయంలో స్పష్టమైన విభజన పాటిస్తారు. సముద్రమట్టం నుండి 3000 మీటర్ల ఎత్తుకు వెళ్ళేటప్పుడు వారు కార్బురేటర్‌లో చిన్న జెట్ అమర్చుకుంటారు; ఎందుకంటే మారినది గాలి. అదే ఎత్తులో గట్టి బాట నుండి బురదలోకి దిగేటప్పుడు జెట్ జోలికి పోరు. క్లచ్‌లోని బరువులను, స్ప్రింగులను మారుస్తారు. ఎందుకంటే మారినది నేల.

ఈ వాహనాలలో చాలా వాటికి గేర్లకు బదులు రెండు శంకువు పుల్లీలు, వాటి నడుమ ఒక బెల్టు ఉంటాయి. ఇంజను వైపు పుల్లీలోని బరువులు వేగంతో పాటు బయటికి జరిగి, పుల్లీ చెంపలను దగ్గరకు నెట్టి, బెల్టును పెద్ద వ్యాసం మీదికి ఎక్కిస్తాయి. బరువులు ఎక్కువైతే ఇంజను తక్కువ వేగంలో ఉండగానే ఈ మార్పు జరిగిపోతుంది. చదునైన బాట మీద ఇది ఇంధనం ఆదా చేస్తుంది. బురదలోనూ ఏటవాలులోనూ తేలికైన బరువులు, గట్టి స్ప్రింగు అమరిస్తే ఇంజను తనకు బలం ఉన్న వేగంలో నిలిచి లాగుతుంది. మన దేశంలో 2007 నుండి జరుగుతున్న బాహా ఎస్.ఏ.ఇ. ఇండియా పోటీలలో ఇంజనీరింగ్ విద్యార్థులు తాము తయారుచేసిన ఇటువంటి వాహనాలనే పరీక్షిస్తారు. అందరికీ ఇంజను ఒకే సామర్థ్యం కలది కావడం వలన, గెలుపోటములను ప్రధానంగా నిర్ణయించే అంశాలలో ఆ ఇంజను బలాన్ని నేలకు చేర్చే పద్ధతి ఒకటి. వ్యవసాయ విద్యార్థులు కూడా చూడదగిన పోటీ అది.

పవర్ వీడర్‌లో ఇంత నాజూకైన క్లచ్ ఉండదు. అయినా సూత్రం అదే.

కార్బురేటర్ దేనికి స్పందిస్తుంది

పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక పాలు ఇంధనానికి బరువు లెక్కన 14.7 పాళ్ళ గాలి కావాలి. గరిష్ఠ బలానికి మిశ్రమం దీనికంటే కొంత చిక్కగా, అనగా 12.5 నుండి 13 పాళ్ళ గాలితో ఉండాలి. కార్బురేటర్ మాత్రం గాలి బరువును గుర్తించలేదు. సన్నని గొంతు గుండా పోయే గాలి కలిగించే పీడన భేదాన్ని బట్టి ఇంధనాన్ని పీల్చుకుంటుంది. కాబట్టి గాలి పలుచబడినప్పుడు గాలి బరువు ఎంత తగ్గునో ఇంధనం అంత తగ్గదు, మిశ్రమం చిక్కనవుతుంది. ఈ చిక్కదనం గాలి సాంద్రత యొక్క వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. అనగా సాంద్రత 6 శాతం తగ్గితే మిశ్రమం సుమారు 3 శాతం చిక్కనవుతుంది.

జహీరాబాద్ సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తున ఉంది. ఈ ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 6 శాతం తక్కువ. చిన్న ఇంజన్లు ప్రతి 300 మీటర్లకు సుమారు 3.5 శాతం బలం కోల్పోతాయన్నది తయారీదారులు ఇచ్చే సాధారణ లెక్క. దాని ప్రకారం ఇక్కడ 7 అశ్వశక్తి ఇంజను నుండి 6.5 మాత్రమే ఆశించాలి. ఈ నష్టాన్ని ఏ మర తిప్పీ తిరిగి పొందలేము. మిశ్రమంలో కలిగే 3 శాతం చిక్కదనం వలన జెట్ మార్చవలసిన అవసరమూ లేదు.

ఉష్ణోగ్రత ప్రభావం ఇంతకంటే ఎక్కువ. డిసెంబరు ఉదయం 12 డిగ్రీల వద్ద ఉన్న గాలితో పోలిస్తే మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల గాలి సాంద్రత 9 శాతానికి పైగా తక్కువ. అందుచేత ఒకే జెట్‌తో వేసవిలో మిశ్రమం సుమారు 5 శాతం చిక్కగా, చలికాలపు ఉదయం అంత మేర పలుచగా ఉంటుంది.

ఈ లెక్కలోకి ఇటీవల మూడవ అంశం చేరింది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యాన్ని దేశం 2025లో చేరుకుంది. చెరకు పండించే జహీరాబాద్ రైతుకు ఇథనాల్ లాభసాటి వార్తే కాని, అదే రైతు చేతిలోని పాత పవర్ వీడర్‌కు అది కొత్త ఇంధనం. ఇథనాల్ పూర్తిగా మండడానికి బరువు లెక్కన 9 పాళ్ళ గాలి చాలు. కాబట్టి 20 శాతం మిశ్రమానికి కావలసిన గాలి నిష్పత్తి 14.7 నుండి సుమారు 13.5కు దిగుతుంది. స్వచ్ఛమైన పెట్రోలుకు కుదిర్చిన జెట్ ఈ ఇంధనంతో దాదాపు 8 శాతం పలుచని మిశ్రమాన్ని ఇస్తుంది.

ఇప్పుడు మూడింటినీ కలిపి చూడాలి. వానాకాలంలో 30 డిగ్రీల వద్ద ఎత్తు, వేడి కలిసి మిశ్రమాన్ని 5 నుండి 6 శాతం చిక్కబరచగా, ఇథనాల్ 8 శాతం పలుచబరుస్తుంది. నికరంగా మిగిలే తేడా 2 నుండి 3 శాతం. దానికి ఏ సర్దుబాటూ అక్కరలేదు. డిసెంబరు ఉదయాన మాత్రం వేడి తోడ్పాటు ఉండదు. మిశ్రమం 5 శాతం వరకు పలుచబడుతుంది. జూలైలో చక్కగా నడిచిన పాత యంత్రం శనగ, జొన్న చేలలో ఉదయం పూట ఆలస్యంగా అందుకొని, బరువు లేనప్పుడు వేగంలో ఎత్తుపల్లాలతో ఊగిసలాడడానికి కారణం ఇది కావచ్చు. చోక్‌ను కొంచెం ఎక్కువసేపు ఉంచి ఇంజను వేడెక్కనివ్వడం సరిపోతుంది. ఎండ ఎక్కిన తరువాత కూడా ఊగిసలాట తగ్గకపోతే నిశ్చల వేగపు జెట్‌లో జిగురు పేరుకున్నదని అనుమానించాలి.

తీగతో జెట్‌ను గీకడం ఎందుకు కూడదో కూడా ఒక లెక్కతో చెప్పవచ్చు. జెట్ రంధ్రం 0.70 మిల్లీమీటర్లు అనుకుంటే, గీకుడు వలన అది 0.75 అయినప్పుడు రంధ్ర వైశాల్యం దాదాపు 15 శాతం పెరుగుతుంది. ఎత్తు, వేడి, ఇథనాల్ కలిసి కూడా ఇంత మార్పు తేలేవు. జెట్‌ను కార్బురేటర్ ద్రావకంలో నానబెట్టి గాలితో ఊదాలి. కంటికి వెలుతురు గుండ్రంగా కనిపించని జెట్‌ను మార్చివేయడమే మేలు. దాని ధర ఒక పూట కూలి కంటే తక్కువ.

మిశ్రమం చిక్కగా ఉన్నదా పలుచగా ఉన్నదా అని పొలంలోనే తేల్చడానికి ప్లగ్ మంచి సాధనం. బరువు మీద నడుస్తున్న ఇంజనును అలాగే ఆపి, చల్లారిన తరువాత ప్లగ్ తీసి చూడాలి. ఇటుక రంగు లేదా లేత గోధుమ రంగు సరైన మిశ్రమానికి గుర్తు. పొడి మసి చిక్కదనానికి, సున్నపు తెలుపు పలుచదనానికి సూచనలు. మరొక పరీక్ష చోక్‌తో చేయదగినది. పనిలో ఉన్న ఇంజనుకు క్షణకాలం పాక్షికంగా చోక్ ఇచ్చినప్పుడు అది పుంజుకుంటే మిశ్రమం పలుచన, మరింత కుంటుపడితే మిశ్రమం సరిపోయినది లేదా చిక్కన. ప్లగ్, చోక్ రెండూ పలుచదనాన్నే చూపి, ట్యాంకు మూత గాలి రంధ్రం, ఇంధన వడపోత, ఫ్లోట్ గది శుభ్రంగా ఉన్నాయని నిర్ధారించుకున్న తరువాతనే పాత యంత్రానికి ఒక అంకె పెద్ద జెట్ గురించి ఆలోచించాలి.

చిక్కదనం కనిపించినప్పుడు చూడవలసింది మాత్రం జెట్ కాదు, గాలి వడపోత. జహీరాబాద్ ఎర్ర మట్టి ధూళి మిక్కిలి నుసిగా ఉంటుంది. ఆరిన చేలో అరపూట పనికే స్పాంజి వడపోత నిండిపోవచ్చు. స్పాంజిని సబ్బు నీటిలో కడిగి, నీడన ఆరబెట్టి, కొద్ది చుక్కల ఇంజను నూనె పట్టించి పిండి అమర్చాలి. కాగితపు వడపోతను తట్టాలే తప్ప కడగరాదు, నూనె తగలనివ్వరాదు. వడపోత తీసివేస్తే ఇంజను బలం పెరిగినట్లు అనిపించడం నిజమే. ఆ బలం పిస్టన్ రింగుల ఆయువును తిని వచ్చినది.

క్లచ్, నేల బరువు

పవర్ వీడర్ ఇంజనుకు గవర్నరు ఉంటుంది. బరువు పెరిగి వేగం తగ్గబోయినప్పుడు అది తానే గాలి ద్వారాన్ని తెరుస్తుంది. ద్వారం పూర్తిగా తెరుచుకున్న తరువాత గవర్నరు చేయగలిగినది ఏమీ లేదు. అక్కడి నుండి వేగం వేగంగా పడిపోతుంది. 3600 చుట్ల వద్ద 7 అశ్వశక్తి ఇచ్చే ఇంజను తిప్పుడు బలం సుమారు 13.7 న్యూటన్ మీటర్లు. ఈ తరగతి ఇంజన్ల తిప్పుడు బలం సాధారణంగా 2500 చుట్ల ప్రాంతంలో గరిష్ఠంగా ఉంటుంది. వేగం అంతకన్నా దిగువకు జారితే బలం కూడా తగ్గిపోయి ఇంజను ఆగిపోతుంది. కాబట్టి నడిపేవాని బాధ్యత ఇంజనును ఈ రెండు వేగాల మధ్య నిలపడం. గవర్నరు స్ప్రింగును సాగదీసి వేగాన్ని పెంచే అలవాటు కొన్ని దుకాణాలలో ఉంది; కనెక్టింగ్ రాడ్ విరిగిన ఇంజన్ల వెనుక తరచుగా ఈ అలవాటే కనిపిస్తుంది.

ఇంజను బలం బ్లేళ్ళకు చేరే మార్గంలో మొదటి మెట్టు క్లచ్. తక్కువ ధర యంత్రాలలో ఇది బెల్టు క్లచ్: చేతి మీట నొక్కినప్పుడు ఒక చిన్న పుల్లీ బెల్టును బిగిస్తుంది. గేరు పెట్టె గల యంత్రాలలోనూ పవర్ టిల్లర్లలోనూ పళ్ళేల క్లచ్ ఉంటుంది.

బెల్టు క్లచ్ ఎర్ర నేలలో సరిగా పనిచేసి నల్ల నేలలో మోసం చేయడానికి కారణం జారుడు. తేలిక నేలతో పోలిస్తే బరువు నేలను కోయడానికి రెండు మూడు రెట్ల బలం కావాలి. ఎర్ర చెల్కకు చాలిన బిగువు రేగడిలో చాలదు. ఇంజను పూర్తి వేగంతో మ్రోగుతూ ఉంటుంది, బ్లేళ్ళు నెమ్మదిస్తాయి. దీనిని చూసినవారు ఇంజను బలహీనపడిందని అనుకుంటారు. వాస్తవానికి బెల్టు జారినప్పుడు ఇంజను మీది బరువు తగ్గుతుంది. కాబట్టి శబ్దం మీద దృష్టి పెడితే దోషం ఎక్కడో తెలుస్తుంది. శబ్దం పడిపోతూ బ్లేళ్ళు ఆగితే బరువు ఇంజనుకు మించినది. శబ్దం నిలకడగా ఉండి బ్లేళ్ళు ఆగితే క్లచ్ జారుతున్నది. ఈ ఒక్క భేదాన్ని నడిపేవానికి నేర్పగలిగితే మరమ్మతు దుకాణానికి వెళ్ళే యంత్రాలలో చాలా భాగం పొలంలోనే కుదురుకుంటాయి.

5 కిలోవాట్ల బలాన్ని మోస్తున్న బెల్టు 10 శాతం జారితే అర కిలోవాటు వేడిగా మారుతుంది. ఒక చిన్న ఇస్త్రీపెట్టె వేడి అంతా రెండు పుల్లీల మధ్య కేంద్రీకృతమైనట్లు లెక్క. కాలిన రబ్బరు వాసన, బెల్టు కవచంలో నల్లని పొడి, బెల్టు పక్కల అద్దం వంటి నునుపు దీని ఆనవాళ్ళు. నునుపెక్కిన బెల్టును ఎంత బిగించినా ప్రయోజనం స్వల్పం.

మీట నొక్కి ఉంచిన స్థితిలో, ఇంజను ఆపి, ప్లగ్ తీగ తొలగించి బిగువును పరీక్షించాలి. రెండు పుల్లీల నడుమ బెల్టు మధ్య భాగాన్ని వేలితో మితంగా నొక్కినప్పుడు ప్రతి 100 మిల్లీమీటర్ల నిడివికి సుమారు 1.6 మిల్లీమీటర్లు దిగడం వి-బెల్టులకు సాధారణంగా పాటించే కొలత. 300 మిల్లీమీటర్ల నిడివి ఉంటే దాదాపు 5 మిల్లీమీటర్లు. మీట వదిలిన తరువాత బెల్టు పూర్తిగా సడలి బ్లేళ్ళు ఆగాలి. ఇది బిగువు కంటే ముఖ్యమైన పరీక్ష. రేగడి కోసం అతిగా బిగించిన యంత్రం మీట వదిలినా ముందుకు పాకుతుంది. సాళ్ళ చివర మలుపులో వెనుకకు అడుగు వేసే మనిషి పాదాల వద్ద బ్లేళ్ళు తిరుగుతూ ఉండడం ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు.

జారుడును అంకెలలో కొలవడం విద్యార్థులకు మంచి అభ్యాసం. తాకకుండా వేగం కొలిచే టాకోమీటరుతో ఇంజను పుల్లీ, బ్లేళ్ళ వైపు పుల్లీ వేగాలను పని మధ్యలో నమోదు చేయాలి. పుల్లీల వ్యాసాల నిష్పత్తిని బట్టి రావలసిన వేగం నుండి వచ్చిన వేగాన్ని తీసివేసి, రావలసిన వేగంతో భాగించి నూరుతో గుణిస్తే జారుడు శాతం వస్తుంది. 2 శాతం వరకు వి-బెల్టులో సహజం. 5 దాటితే బిగువు చూడాలి. బిగువు సరిగా ఉండి కూడా 5 దాటుతున్నదంటే యంత్రానికి అప్పగించిన పని ఎక్కువైనదని అర్థం.

పళ్ళేల క్లచ్‌కు ఈ చిక్కులు తక్కువ. మీటలో తయారీదారు సూచించిన ఖాళీ కదలిక లేకపోతే పళ్ళేలు ఎప్పుడూ సగం విడిపోయే ఉండి కాలిపోతాయి; ఎక్కువైతే పూర్తిగా విడిపోక గేరు పడేటప్పుడు గీసుకుంటాయి. కేబుల్ సర్దుబాటు నట్టుతో దీనిని నెలకొకసారి సరిచూస్తే చాలు.

ట్రాక్టర్ల విషయం ఇక్కడ క్లుప్తంగా ప్రస్తావించవలసి ఉంది. జహీరాబాద్‌లో 2013 నుండి మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం నడుస్తున్నందున ఈ ప్రాంతపు యువకులకు ట్రాక్టరు మరమ్మతులపై అవగాహన మెండు. కాని ట్రాక్టరు డీజిలు ఇంజనుకు కార్బురేటర్ ఉండదు; దాని ఇంధన పంపు ముద్రను పొలంలో విప్పడం తగదు. నేల మార్పుకు అక్కడ సమాధానం గేరు, రోటవేటరు లోతు, చక్రాల బరువు. నల్ల నేలలో క్లచ్ పెడల్ మీద పాదం ఆనించి సగం క్లచ్‌తో లాగించడం బెల్టు జారుడుకు సమానమైన తప్పే. ఖర్చు మాత్రం అనేక రెట్లు.

పదనే మొదటి సర్దుబాటు

క్లచ్ మీద పడే బరువును నిర్ణయించేది నేల రకం మాత్రమే కాదు, ఆ దినాన నేలలో ఉన్న తేమ. రైతులు దీనిని పదను అంటారు. శాస్త్ర పరిభాషలో ఇది ప్లాస్టిక్ అవధికి కొంచెం దిగువన ఉండే తేమ స్థితి.

ఎర్ర నేలలో పదను కాలం నిడివైనది. వాన వెలిసిన మరుసటి రోజే యంత్రం దిగవచ్చు; తరువాత కొన్ని రోజులు కూడా పని సాగుతుంది. పూర్తిగా ఆరితే లాటరైటు నేల పైపొర గట్టిపడి, బ్లేళ్ళు దిగకుండా యంత్రం ఎగిరెగిరి పడుతుంది. రోటరు స్వయంగా ముందుకు లాగే ఈ యంత్రాలలో లోతును నియంత్రించేది వెనుక ఉన్న లోతు కడ్డీ. గట్టి నేలలో దానిని ఒకేసారి పూర్తి లోతుకు దించితే ప్రతి ఎగురుపాటు ఒక దెబ్బగా క్లచ్‌కు చేరుతుంది. మొదటి సాలుకు 3 నుండి 4 సెంటీమీటర్లు, అవసరమైతే రెండవసారి మరికొంత లోతు అన్నది మేలైన పద్ధతి. కలుపు తీయడానికి 4 సెంటీమీటర్లు మించనక్కరలేదు; అంతకు మించితే పంట వేర్లు తెగుతాయి, ఇంధనం వృథా అవుతుంది.

నల్ల నేలలో పరిస్థితి వేరు. తేమ ఎక్కువైతే బంక, తక్కువైతే రాయి. నడుమ పదను రెండు మూడు రోజులే. దీనిని గుర్తించడానికి పొలంలోనే చేయదగిన పరీక్ష ఒకటి ఉంది. 5 సెంటీమీటర్ల లోతు మట్టిని తీసి అరచేతుల మధ్య దారంలా చుట్టాలి. 3 మిల్లీమీటర్ల సన్నని దారం విరగకుండా వస్తే తేమ ప్లాస్టిక్ అవధికి పైన ఉన్నది, యంత్రాన్ని దించరాదు. ఆ మందానికి చేరకముందే దారం ముక్కలైతే పదను వచ్చినట్లు. ప్రయోగశాలలో విద్యార్థులు చేసే ప్లాస్టిక్ అవధి పరీక్ష సారాంశం కూడా ఇదే; రైతు చేతిలో అది తరతరాలుగా ఉన్నది.

తడి రేగడిలో దిగిన రోటరుకు మట్టి, గడ్డి కలిసి చుట్టుకుంటాయి. రోటరు ఒక మట్టి దుంగగా మారుతుంది, బ్లేడు కొన బయటికి రాదు, కోత స్థానంలో రుద్దుడు జరుగుతుంది. ఆ స్థితిలో ఏ క్లచ్ బిగువూ, ఏ జెట్టూ యంత్రాన్ని నడపలేవు. నడిపినా రోటరు దిగువన నేల అణగి పలకబారుతుంది. ఆ దెబ్బ తరువాతి వానకు నీరు నిలవడంలో కనిపిస్తుంది.

పదను సరిగా ఉన్న రేగడిలో కూడా ఎర్ర నేల అమరిక పనికిరాదు. మొదట వెడల్పు తగ్గించాలి: ఇరువైపులా చివరి బ్లేడు జత తీసివేస్తే ఆ మేరకు బరువు తగ్గుతుంది. సోయా వంటి దగ్గర సాళ్ళకు ఎలాగూ ఈ వెడల్పే సరిపోతుంది. తరువాత తక్కువ గేరు, ఆ తరువాత బెల్టు బిగువు. ఈ మూడూ అయ్యాక ఇంజను శబ్దం పడిపోతున్నదంటే లోతు తగ్గించాలి. కార్బురేటర్ ఈ వరుసలో ఎక్కడా రాదు. ఎర్ర నేలకు తిరిగి వెళ్ళేటప్పుడు వెడల్పు, గేరు మళ్ళీ మార్చుకుంటారు గాని బెల్టు బిగువును యథాస్థితికి తేవడం మరచిపోతారు; బేరింగులు ముందుగా పాడయ్యే యంత్రాలలో ఈ మరపు పాత్ర ఉంటుంది.

రెండు స్ట్రోకుల యంత్రాలు

చెరకు గట్లు, జామ తోటలలో గడ్డి కోసే బ్రష్ కట్టర్ల సంగతి కొంత భిన్నం. వీటికి గవర్నరు బదులు చేతి రేసు, ఫ్లోట్ గది బదులు పలుచని పొరతో పనిచేసే కార్బురేటర్, బెల్టు బదులు అపకేంద్ర క్లచ్ ఉంటాయి. క్లచ్ బూట్లను బయటికి నెట్టే బలం వేగపు వర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. వేగం 2000 నుండి 3000 చుట్లకు పెరిగితే బలం రెండున్నర రెట్లకు కొంచెం తక్కువ, అనగా 2.25 రెట్లు. స్ప్రింగు బిగువును ఈ బలం దాటినప్పుడు మాత్రమే బ్లేడు తిరుగుతుంది. ఏటీవీ క్లచ్‌కు ఇది దగ్గరి బంధువు.

ఇక్కడ కార్బురేటర్, క్లచ్ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఇంజను నిశ్చల వేగం ఎక్కువగా పెట్టబడితే రేసు వదిలినా బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. నిశ్చల వేగపు మరను బ్లేడు పూర్తిగా ఆగే వరకు తగ్గించాలి. తగ్గిస్తే ఇంజను ఆగిపోతున్నదంటే అల్ప వేగపు మిశ్రమం సరిచేయాలి. అలా చేసినా బ్లేడు తిరుగుతుంటే క్లచ్ స్ప్రింగు సాగినది లేదా విరిగినది. దట్టమైన గడ్డిలో సగం రేసుతో కోయడం క్లచ్‌ను కాల్చడానికి అతి దగ్గరి దారి. బూట్లు పూర్తిగా పట్టే వేగానికి చేర్చిన తరువాతనే బ్లేడును గడ్డికి తాకించాలి.

ఈ యంత్రాలలో పలుచని మిశ్రమం ప్రమాదకరం. పిస్టన్‌కు నూనె చేరేది ఇంధనంతోనే కాబట్టి ఇంధనం తగ్గితే నూనె కూడా తగ్గుతుంది. అధిక వేగపు మరను బిగించి, బరువు లేకుండా పూర్తి రేసులో గొంతు స్వచ్ఛంగా మ్రోగే స్థితికి తేవడం మెకానిక్‌కు ఇంపుగా ఉండవచ్చు, ఇంజనుకు కాదు. బరువు లేనప్పుడు శబ్దం కొద్దిగా తడబడుతూ, గడ్డిలో దింపగానే శుభ్రపడాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలుతో ఈ జాగ్రత్త మరింత అవసరం. పెట్రోలు, నూనె నిష్పత్తి యంత్రాన్ని బట్టి 25 పాళ్ళకు ఒకటి నుండి 50 పాళ్ళకు ఒకటి వరకు ఉంటుంది. యంత్రం మీది సూచననే పాటించాలి.

ప్రదర్శనలలో నమోదు చేయవలసినవి

విస్తరణ ప్రదర్శనలకు సాధారణంగా మంచి పదనులో ఉన్న, రాళ్ళు లేని, రహదారి పక్కన గల ఎర్ర చెల్కను ఎన్నుకుంటారు. అతిథులకు సౌకర్యమే, కాని అక్కడ పొందిన ఫలితాన్ని న్యాల్కల్ రేగడి రైతుకు సిఫారసు చేయడం సమంజసం కాదు. ఒకే యంత్రాన్ని రెండు నేలల్లో, ఒక్కొక్క దానిలో కనీసం రెండు తేమ స్థాయిలలో పరీక్షించినప్పుడే సిఫారసుకు ఆధారం ఏర్పడుతుంది. దిద్గిలోని కృషి విజ్ఞాన కేంద్రానికి, బసంత్‌పూర్ వ్యవసాయ పరిశోధనా స్థానానికి అందుబాటు దూరంలోనే రెండు నేలలూ ఉండటం ఈ పనికి అనుకూలం.

కలుపు తీత సామర్థ్యం, మొక్కలకు నష్టం, గంటకు పూర్తయిన విస్తీర్ణం ఎలాగూ నమోదవుతాయి. వీటికి తోడు 105 డిగ్రీల వద్ద 24 గంటలు ఆరబెట్టి కనుగొన్న తేమ శాతం, పని లోతు, బ్లేళ్ళ సంఖ్య, గేరు, బెల్టు జారుడు, పని సమయంలోని గాలి ఉష్ణోగ్రత రాయాలి. ఇంధన వినియోగాన్ని ట్యాంకు అంచు వరకు నింపి, పని తరువాత మళ్ళీ నింపడానికి పట్టిన పరిమాణంతో కొలవడం సరళమైన పద్ధతి. రెండుసార్లూ యంత్రం సమతలంపై ఉండాలి. ఎకరాకు ఇంధనం పెరిగినప్పుడు ఆ పెరుగుదల జారుడుతో పాటు వచ్చినదా, ప్లగ్ మసితో పాటు వచ్చినదా అన్నది ఈ పట్టిక చూసి చెప్పగలగాలి. విద్యార్థి నివేదికలో "ఇంజను సామర్థ్యం తగ్గినది" అన్న వాక్యం ఈ విడదీత లేకుండా ఉంటే దానిని తిప్పి పంపడం ఉచితం.

పంటకాలం ముగిశాక

ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే అది పెట్రోలు నుండి వేరుపడి ట్యాంకు, ఫ్లోట్ గది అడుగున చేరి తుప్పుకు దారితీస్తుంది. ఆరిన పెట్రోలు జిగురై నిశ్చల వేగపు జెట్‌ను మూసివేస్తుంది. జూన్‌లో తొలి వాన పడినప్పుడు అందుకోని యంత్రాలలో చాలా వాటి వ్యాధి మునుపటి ఫిబ్రవరిలో పుట్టినదే. నెలకు మించి యంత్రాన్ని పక్కన పెట్టేటప్పుడు ట్యాంకును ఖాళీ చేసి, ఇంధన కుళాయి మూసి, ఇంజను తానే ఆగేవరకు నడిపి, ఫ్లోట్ గది అడుగు మరను విప్పి మిగిలిన చుక్కలను కూడా కార్చివేయాలి. బెల్టు మీటను వదిలిన స్థితిలో ఉంచాలి. బిగించి ఉంచిన బెల్టు నెలల తరబడి పుల్లీ ఆకారానికి వంగి, తిరిగి నడిపినప్పుడు కొట్టుకుంటుంది. రెండు స్ట్రోకుల యంత్రాలకు కలిపిన ఇంధనం మిగిలితే దానిని వచ్చే సంవత్సరానికి దాచరాదు.